బిల్లులో ఇంకో వరుస రాయండి

సంపాదకులకు నమస్కారం.

ఇంజనీరింగ్ కాలేజీలు తెరిచే రోజులొచ్చాయంటే మీ పత్రిక మొదటి పేజీ మొత్తం ల్యాప్‌టాప్ ప్రకటనే. ఈసారి వచ్చినవాటిలో ఒకదాన్ని కళ్లజోడు పెట్టుకుని మరీ చదివాను. ప్రాసెసర్ ఫలానా, ర్యామ్ ఇంత, స్క్రీన్ ఇంత, బ్యాగు ఉచితం, మౌస్ ఉచితం. వాటి మధ్యలో ‘విండోస్ 11 హోమ్’ అని ఒక ముక్క. విండోస్ అంటే కంప్యూటర్‌ను నడిపే మూల సాఫ్ట్‌వేర్, ఆపరేటింగ్ సిస్టమ్, పొట్టిగా ఓఎస్. బ్యాగు ఉచితమని చెప్పారు. విండోస్ ఉచితమని చెప్పలేదు, పోనీ ఇంత అనీ చెప్పలేదు. అటు ఉచితమూ కాక, ఇటు ధరా లేక మధ్యలో వేలాడుతున్న ఆ ముక్క గురించే ఈ ఉత్తరం. కాస్త పొడవుగానే ఉంటుంది, ఓపిక పట్టండి.

నేను వాణిజ్య పన్నుల శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి. సర్వీసంతా ఇతరుల బిల్లులు చదవడంతోనే గడిచింది. సరుకుల జాబితా కన్నా మాకు ముఖ్యమైంది ఒకటుండేది: వ్యాపారి ఏది కలిపి రాశాడు, ఏది విడగొట్టి రాశాడు, ఎందుకలా రాశాడు. ఊరికే ఎవరూ కలపరు, ఊరికే ఎవరూ విడగొట్టరు. ఈ అలవాటు రిటైరయ్యాకా పోలేదు. హోటల్లో టిఫిను తిన్నా బిల్లు తిరగేసి చూస్తానని ఇంట్లోవాళ్లు నవ్వుతారు.

మనవరాలు బీటెక్‌లో చేరింది. ల్యాప్‌టాప్ కొనడానికి కాకినాడ మెయిన్ రోడ్డులో ఒక షాపుకు వెళ్లాం. కౌంటర్లో కుర్రాడు చురుకైనవాడు. నా తెల్లజుట్టు చూసి డబ్బు ఆదా చేసే మార్గం చెప్పాడు. ‘డాస్ మోడల్ తీసుకోండి సార్, నాలుగు వేల చిల్లర తగ్గుతుంది. విండోస్ మేమే వేసిచ్చేస్తాం, ఐదొందలివ్వండి చాలు’ అన్నాడు.

‘ఆ ఐదొందలకి బిల్లిస్తావా బాబూ?’ అన్నాను.

‘దానికి బిల్లేంటి సార్!’ అని నవ్వాడు. మనవరాలు నా చెయ్యి పట్టుకుని లాగింది. ‘తాతయ్యా, ఇక్కడ క్లాసు మొదలెట్టకు.’

డాస్ మోడల్ అంటే తెలియనివాళ్లకు ఒక మాట. పేరుకు ఫ్రీడాస్ అనే ఉచిత ఓఎస్ వేసి అమ్మే ల్యాప్‌టాప్ అది. నల్ల తెర మీద తెల్ల అక్షరాలు తప్ప ఈ కాలపు పిల్లలకు దానితో పనేమీ ఉండదు. షాపులో ఆ మోడల్ కొన్నవాళ్లలో చాలామంది బయటికి వచ్చేసరికి అందులో విండోస్ ఉంటుంది, లైసెన్సు మాత్రం ఉండదు. ఇది కాకినాడలోనే కాదు, సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ బజారులో అడిగినా ఇంతే. కుర్రాణ్ణి తప్పుపట్టి లాభం లేదు. అసలు ధర ఎంతో ఎవరూ చెప్పని సరుకుకు ఐదొందలని ఒక ధర పెట్టింది ఆ షాపులో అతనొక్కడే.

సరే, విండోస్ విలువ ఎంతో ఆ రెండు మోడళ్ల తేడాలో తెలుస్తుందేమోనని రెండు పెట్టెల మీది లేబుళ్లూ పక్కపక్కన పెట్టి చదివాను. తెలియలేదు. డాస్ మోడల్లో 8 జీబీ ర్యామ్, విండోస్ మోడల్లో 16. ఒకదాని కీబోర్డులో లైటు ఉంది, రెండోదానికి లేదు. అచ్చం ఒకేలా ఉండి ఓఎస్ ఒక్కటే తేడాగా ఉన్న జత ఆ షాపులో ఏ కంపెనీదీ కనిపించలేదు. అలాంటి జత ఉంటే తీసివేత లెక్క చిన్నపిల్లవాడైనా చేస్తాడు కదా.

లేబుల్ మీద ఇంకో విశేషం ఉంది. పెట్టెలో ఏమేమున్నాయో వరుసగా రాశారు: ల్యాప్‌టాప్ 1, అడాప్టర్ 1, పవర్ కార్డ్ 1, యూజర్ గైడ్ 1. ఇది వాళ్ల మంచితనం కాదు, చట్టం. 2011 నాటి ప్యాకేజీ సరుకుల నిబంధనల ప్రకారం ఒక పెట్టెలో ఒకటికి మించి వస్తువులుంటే ఒక్కొక్క దాని పేరూ, సంఖ్యా పెట్టె మీద రాయాలి. అందుకే వంద రూపాయలు చెయ్యని వైరు ముక్కకు కూడా లెక్కుంది. లెక్కలో లేనిది విండోస్ ఒక్కటే. చివరికి లైసెన్సు ఉన్న మోడలే కొన్నాం. బిల్లులో ఒకటే వరుస: హెచ్‌ఎస్‌ఎన్ (సరుకు కోడు) 8471, సీజీఎస్టీ 9 శాతం, ఎస్‌జీఎస్టీ 9 శాతం, మొత్తం ఇంత.

ఇంటికొచ్చి స్విచ్చి వేస్తే మొదట అడిగేవి దేశం, కీబోర్డు, వైఫై లాంటివి. ఆ తర్వాత లైసెన్సు షరతులు. మనవరాలు ‘యాక్సెప్ట్’ నొక్కబోతుంటే ఆపి, మొత్తం చదివాను. ఆ పిల్లకు అసహనం, నాకు పాత ఉద్యోగం గుర్తుకొచ్చింది. ఒక చోట ఏముందంటే, ఈ షరతులు ఒప్పుకోకపోతే సాఫ్ట్‌వేర్ వాడకూడదు, వాపసు విషయం కంప్యూటర్ తయారుచేసినవాళ్లను అడిగి వాళ్ల పద్ధతి ప్రకారం సాఫ్ట్‌వేర్‌నో, కంప్యూటర్‌నో తిరిగిచ్చి డబ్బు తీసుకోవచ్చు. ఆ పద్ధతి మొత్తం కంప్యూటర్‌నే తిరిగివ్వమని చెప్పినా చెప్పవచ్చు. అంటే వాపసుకు దారి ఉన్నట్టే ఉంది, దాని తాళం తయారీ కంపెనీ చేతిలో ఉంది. ఆ కంపెనీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి, వాపసు సంగతి తర్వాత, అసలు ఇందులో విండోస్ ధర ఎంతమ్మా అని అడిగాను. ‘ఆ సమాచారం మా దగ్గర ఉండదు సార్, ల్యాప్‌టాప్‌తో పాటే వస్తుంది సార్’ అంది ఆ అమ్మాయి. మర్యాదగానే చెప్పింది. కంపెనీ పేరు ఇక్కడ రాయను, ఏ కంపెనీకి చేసినా ఇదే జవాబని నా నమ్మకం.

ల్యాప్‌టాప్‌తో పాటే వస్తుంది, విడదీయలేం, విడిగా ధర ఉండదు. ఈ మాట వినగానే నాకు 2004 నాటి సుప్రీంకోర్టు తీర్పు ఒకటి గుర్తొచ్చింది. మా ఆఫీసుల్లో అప్పట్లో బాగా నలిగిన కేసు. ఏసర్ ఇండియా కంపెనీ పాండిచ్చేరిలో కంప్యూటర్లు తయారుచేసేది. అప్పుడు కంప్యూటర్ మీద ఎక్సైజ్ డ్యూటీ ఉండేది, సాఫ్ట్‌వేర్ మీద సున్నా. హార్డ్ డిస్కులోకి ఓఎస్ ఎక్కించిన తర్వాతే కంపెనీ సరుకు బయటికి పంపింది కానీ, డ్యూటీ లెక్కలో మాత్రం ఓఎస్ విలువను తీసేసింది. ఓఎస్ లేకపోతే కంప్యూటర్ కదలదు, కాబట్టి దాని విలువ కూడా కంప్యూటర్ విలువలో కలపాల్సిందేనని ఎక్సైజ్ శాఖ పట్టుబట్టింది. కాదు, కంప్యూటర్ వేరు, ఓఎస్ వేరు, డిస్కులోకి ఎక్కించినంత మాత్రాన సాఫ్ట్‌వేర్ సాఫ్ట్‌వేర్ కాకుండా పోదు అని కంపెనీ వాదించింది. సుప్రీంకోర్టు కంపెనీ వాదననే ఒప్పుకుంది. ఓఎస్ విలువ కలపనక్కర్లేదని తేల్చింది.

ఇప్పుడు చెప్పండి. పన్ను తగ్గించుకోవాల్సి వచ్చినప్పుడు ఓఎస్‌కు విడిగా విలువ ఉంది, ఆ విలువ ఎంతో రూపాయలు పైసల్లో తెలుసు, దాన్ని తీసివేయడమూ తెలుసు. కొన్నవాడు అడిగితే ‘ఆ సమాచారం ఉండదు సార్’.

అదే ఏడాది నవంబరులో మన రాష్ట్రం పేరుతో ఇంకో తీర్పు వచ్చింది, టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్‌కూ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ మధ్య. మా ఏపీజీఎస్టీ చట్టం, అంటే అప్పటి ఆంధ్రప్రదేశ్ సాధారణ అమ్మకపు పన్ను చట్టం కింద రెడీమేడ్ సాఫ్ట్‌వేర్ అమ్మకం మీద పన్ను వేస్తే, సాఫ్ట్‌వేర్ చేతికి దొరికే వస్తువే కాదు, మేధోసంపత్తి, సరుకు ఎలా అవుతుందని కంపెనీ కోర్టుకెక్కింది. హైకోర్టులో ఓడి సుప్రీంకోర్టుకు వెళ్లింది. అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, డిస్కులో పెట్టి బజారులో అమ్మే సాఫ్ట్‌వేర్ సరుకేనని చెప్పింది. ఆ రోజు మా ఆఫీసులో జరిగిన హడావుడి చూసి ఉంటే మేమే కేసు గెలిచినట్టు అనుకునేవారు మీరు. ఒక రకంగా మేమే గెలిచాం.

సరుకన్నాక దానికి పేరు, సంఖ్య, ధర ఉండాలి. అందులో వింతేముంది?

ఇలాంటి తగాదా మా శాఖకు కొత్త కాదు. హైదరాబాద్ డెక్కన్ సిగరెట్ ఫ్యాక్టరీ కేసు 1966 నాటిది, శాఖలో చేరిన ప్రతి కుర్రవాడికీ సీనియర్లు చెప్పేవారు. సిగరెట్లతో పాటు వాటిని పెట్టిన పెట్టెల్ని కూడా అమ్మినట్టా, కాదా అన్నది అక్కడ ప్రశ్న. ఉందో లేదో ఊహించుకోవద్దు, పెట్టె అమ్మకానికి కూడా ఇద్దరి మధ్యా ఒప్పందం ఉందా అన్నది వాస్తవాల్ని బట్టి తేల్చండి అంది సుప్రీంకోర్టు. ఓఎస్ విషయంలో అంత తవ్వకమూ అక్కర్లేదు. సిగరెట్ పెట్టె తెరిచేటప్పుడు ‘పెట్టె షరతులు ఒప్పుకుంటున్నాను’ అని ఎవరూ సంతకం చేయించుకోరు. ఇక్కడ తెర మీద విడిగా ఒప్పందం పెట్టి, విడిగా ఒప్పుకోమంటున్నారు. ఒప్పందం విడిగా ఉన్న సరుకుకు ధర విడిగా లేకపోవడం నా సర్వీసులో ఎక్కడా చూడలేదు.

మరి ఇప్పుడు ప్రభుత్వం ఎందుకు అడగడం లేదంటారా? జీఎస్టీ వచ్చేసరికి నేను ఇంట్లో కూర్చున్నాను కానీ చట్టం మాత్రం చదివాను. సహజంగా కలిసి అమ్ముడయ్యేవాటిని కాంపోజిట్ సప్లై అంటారు, అందులో ముఖ్యమైనదానికి ఏ రేటో మొత్తానికీ అదే రేటు. ల్యాప్‌టాప్‌కూ 18 శాతమే, సాఫ్ట్‌వేర్‌కూ 18 శాతమే. కలిపినా విడదీసినా ఖజానాకు వచ్చేది ఒకటే కాబట్టి ఏ అధికారికీ ఆ గొడవ పట్టదు. విడగొడితే కలిసొచ్చేది ఏమీ లేదు కాబట్టి కంపెనీకీ అక్కర్లేదు. మిగిలింది కొనేవాడు ఒక్కడే.

అమెరికాలో కంప్యూటర్ కంపెనీలు ఈ ఆట ఎప్పట్నుంచో ఆడుతున్నాయి. పెద్ద పెద్ద కంప్యూటర్లు అద్దెకిచ్చే రోజుల్లో ఐబీఎం సాఫ్ట్‌వేర్‌ను యంత్రం అద్దెలోనే కలిపేసేది. 1969 జనవరిలో అమెరికా ప్రభుత్వం గుత్తాధిపత్యం కేసు పెట్టింది. అదే ఏడాది జూన్ 23న ఐబీఎం సాఫ్ట్‌వేర్‌కూ సేవలకూ ఇక విడిగా ధరలు పెడుతున్నామని ప్రకటించింది. సాఫ్ట్‌వేర్ ఇక విడిగా కొనుక్కోవాలి కదా, మరి యంత్రం ధర ఎంత తగ్గించారో తెలుసా? 3 శాతం. అన్నేళ్లూ ఉచితమని ఇచ్చినదాని విలువ అంతేనని వాళ్లు లెక్కగట్టారన్నమాట. పైగా యంత్రాన్ని నడిపే మూల ఓఎస్‌ను అప్పటికి విడదీయలేదు, అది కొన్నాళ్లు యంత్రంతోనే పోయింది.

1981 ఆగస్టులో ఐబీఎం చిన్న కంప్యూటర్ తెచ్చింది. ఈసారి పద్ధతి మారింది. ఓఎస్‌లు విడిగా అమ్ముతాం, మీ ఇష్టమొచ్చింది కొనుక్కోండి అంది. మైక్రోసాఫ్ట్ దగ్గర తీసుకున్న పీసీ డాస్ 40 డాలర్లు. అప్పటికే పేరున్న గ్యారీ కిల్డాల్ కంపెనీ వారి సీపీఎం 86 అనే ఓఎస్ ఏమో 240 డాలర్లు. రెండూ ఒకే జాబితాలో, ఒకే బల్ల మీద. ఆరు రెట్లు ఎక్కువిచ్చి ఎవరు కొంటారు? కాగితం మీద చూస్తే కొనేవాడికి పూర్తి స్వేచ్ఛ. ఆ స్వేచ్ఛతోనే కిల్డాల్ ఓఎస్ ఆ బజారులో లేచి నిలబడలేకపోయింది. కాబట్టి ధర విడిగా రాస్తే న్యాయం జరిగిపోతుందని నేను అనడం లేదు. ధర వేసే చేతిలో ఎంత బలం ఉంటుందో ఈ 40, 240 చూస్తే తెలుస్తుంది. కానీ ఆ అంకెలు జాబితాలో అచ్చయ్యాయి కాబట్టే ఇన్నేళ్ల తర్వాత కాకినాడలో కూర్చుని నేను ఇది రాయగలుగుతున్నాను. దాచిన ధర మీద వాదన కూడా కుదరదు.

ఆ తర్వాత బలం మైక్రోసాఫ్ట్ చేతికి పోయింది. డాస్‌ను ఇతర కంపెనీలకు కూడా అమ్ముకునే హక్కు తన దగ్గరే ఉంచుకోవడం దాని తెలివి. తర్వాత్తర్వాత కంప్యూటర్ కంపెనీలతో ఒక రకం ఒప్పందం చేసుకునేది: మా ఓఎస్ వేసినవాటికి మాత్రమే కాదు, మీరు పంపే ప్రతి ప్రాసెసర్‌కూ మాకు ఇంత కట్టాలి. వేరేవాళ్ల ఓఎస్ వేసి అమ్మినా మైక్రోసాఫ్ట్‌కు కట్టాల్సిందే. పన్నుల శాఖవాడిగా చెబుతున్నాను, అమ్మని సరుకు మీద పన్ను వేసే ధైర్యం మాకు కూడా లేదు. 1994 జులైలో అమెరికా న్యాయశాఖతో రాజీ ఒప్పందం కుదిరాక ఆ పద్ధతి మానుకుంది. మైక్రోసాఫ్ట్ మీద ప్రభుత్వం పెట్టిన ఆ తర్వాతి కేసులో కోర్టు 1999లో నిర్ధారించిన వాస్తవాలు ఇంకా ఆసక్తిగా ఉంటాయి. ఐబీఎం ‘ఓఎస్/2’ అనే తన సొంత ఓఎస్‌ను వదులుకోనందుకు, సొంత ఆఫీసు సాఫ్ట్‌వేర్‌ను తన కంప్యూటర్లలో వేసుకుంటున్నందుకు, కాంపాక్ వంటి పోటీ కంపెనీల కన్నా దానికి విండోస్ ధర ఎక్కువ పడింది. విండోస్ 95 విడుదలవుతున్న రోజున, కార్యక్రమం మొదలవడానికి పదిహేను నిమిషాల ముందు ఐబీఎంకు లైసెన్సు దక్కింది! ఒకప్పుడు ఓఎస్ ధరల జాబితా అచ్చేసిన కంపెనీ గతి అది. ఆ కేసు రాజీలో భాగంగా తర్వాత, పెద్ద కంపెనీలన్నింటికీ విండోస్ ఒకే రేటు పట్టిక ప్రకారం ఇవ్వాలన్న షరతు వచ్చింది. ఆ పట్టిక కంప్యూటర్ కంపెనీల కోసం. మనకోసం కాదు.

యంత్రమూ, ఓఎస్సూ రెండూ తనవే అయిన యాపిల్ సంగతి ఇంకో తీరు. మ్యాక్ ఓఎస్ ఎక్స్ 2001లో 129 డాలర్లు. 2007లో వచ్చిన దానికీ అంతే. 2009లో 29. 2012లో 19.99. 2013 అక్టోబరులో సున్నా. సరుకు ఏటేటా పెరిగింది, ధర మాత్రం తరిగి తరిగి మాయమైంది. ఖర్చు తగ్గి ఇలా అయిందని ఎవరూ అనుకోరు. ధర యంత్రంలోకి వెళ్లి కూర్చుంది, అంతే. దీనికి సాక్ష్యం సైస్టార్ కేసు. ఫ్లోరిడాకు చెందిన ఆ చిన్న కంపెనీ, 129 డాలర్లు పెట్టి కొనే మ్యాక్ ఓఎస్‌ను తన చవక కంప్యూటర్లలో వేసి అమ్మింది. యాపిల్ 2008లో కేసు పెట్టింది, 2009లో గెలిచింది. యాపిల్ పేరున్న యంత్రంలోనే వాడాలన్నది దాని లైసెన్సు షరతు. అంటే డబ్బా మీది 129 డాలర్లు మ్యాక్ కొని ఉన్నవాడికి మాత్రమే వర్తించే ధర. అంతకుముందు 1995లో ఇతర కంపెనీలకు లైసెన్సులిచ్చి, వాళ్లు చవగ్గా అమ్ముతుంటే తట్టుకోలేక 1997లో స్టీవ్ జాబ్స్ వచ్చాక ఆపేసింది కూడా. వాటిలో పెద్దదైన పవర్ కంప్యూటింగ్‌కు పది కోట్ల డాలర్ల షేర్లిచ్చి మరీ దుకాణం మూయించింది.

యాపిల్‌ను నేను తప్పుపట్టడం లేదు. రెండూ తనవే, తన ఇష్టం. కానీ ఆ కంపెనీ వార్షిక నివేదిక తీసి చూడండి. అమ్మిన ప్రతి పరికరం ధరలో కొంత భాగాన్ని, ముందు ముందు ఇవ్వబోయే సాఫ్ట్‌వేర్ అప్‌గ్రేడ్ల కోసమని పక్కన పెట్టి, కాలం గడిచేకొద్దీ ఆదాయంగా చూపిస్తామని అందులో రాస్తారు. షేరు కొన్నవాడికి చెప్పగలిగిన లెక్క మ్యాక్ కొన్నవాడికి చెప్పలేరా?

చెప్పక్కర్లేదని యూరప్ కోర్టు అంది. 2008లో ఒక ఫ్రెంచి పెద్దమనిషి విండోస్ విస్టా వేసి ఉన్న సోనీ ల్యాప్‌టాప్ 549 యూరోలకు కొన్నాడు. లైసెన్సు ఒప్పుకోను, సాఫ్ట్‌వేర్ డబ్బు వెనక్కివ్వండి అన్నాడు. కుదరదు, కావాలంటే మొత్తం తిరిగిచ్చి మొత్తం డబ్బు తీసుకోమంది సోనీ. గొడవ ముదిరాక పోనీ 100 యూరోలిస్తాం అంది. ఆయన 450 యూరోలూ, పైన నష్టపరిహారమూ అడిగాడు. ఎనిమిదేళ్లు తిరిగి యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం 2016 సెప్టెంబరులో తేల్చిందేమంటే, ఓఎస్ వేసి అమ్మడం దానంతటది అన్యాయం కాదు, ఒక్కొక్క సాఫ్ట్‌వేర్ ధర విడిగా చెప్పకపోవడం కొనేవాణ్ణి తప్పుదోవ పట్టించడం కాదు. ఆయన మొండితనం నాకు నచ్చింది, ఆయన లెక్క నచ్చలేదు. 549లో 450 సాఫ్ట్‌వేర్‌దే అంటే ఎవరు నమ్ముతారు? కానీ సోనీ చెప్పిన 100 సంగతో? అది ఏ లెక్క ప్రకారం వచ్చింది? అసలు అంకె బయట ఉంటే ఒకరు 450 అనీ, ఇంకొకరు 100 అనీ బేరాలాడే అవసరమే రాదు కదా.

మన దగ్గర కూడా ఒకరు ప్రయత్నించారు. ఒకే సాఫ్ట్‌వేర్‌కు లైసెన్సు రకాన్ని బట్టి వేర్వేరు ధరలు పెడుతున్నారని ఒక లా ఫర్మ్ మైక్రోసాఫ్ట్ మీద కాంపిటీషన్ కమిషన్‌కు వెళితే, 2012లో కమిషన్ కొట్టేసింది. ఫోన్లలో ఆండ్రాయిడ్ విషయం వేరే కథ, దానికి ఇంకో ఉత్తరం రాయాలి.

కంపెనీల తరఫున చెప్పగలిగిన మాటలు నాకు తెలియకపోలేదు. మొదటిది, మేం లక్షల్లో కొంటాం, మాకు పడే రేటు వ్యాపార రహస్యం అంటారు. వాళ్లకు ఎంత పడిందో నాకెందుకు? షాపువాడు కందిపప్పు ఎంతకు తెచ్చాడో నేనడగను, నాకు ఎంతకు అమ్ముతున్నాడో అడుగుతాను. మైక్రోసాఫ్ట్ తన అమెరికా వెబ్‌సైటులో విడిగా అమ్మే విండోస్ 11 హోమ్ 139 డాలర్లు. ల్యాప్‌టాప్‌లో అంత ఉండదని నాకూ తెలుసు. ఎంతుంటే అంత రాయండి. రెండోది, కొత్త ల్యాప్‌టాప్ తెరవగానే మీద పడే యాంటీవైరస్ ట్రయల్ లాంటివి పెట్టినందుకు ఆయా కంపెనీలు డబ్బిస్తాయి, అది విండోస్ ఖర్చును కొంత పూడుస్తుంది, కాబట్టి లెక్క చిక్కుగా ఉంటుందంటారు. చిక్కే. ఏసర్ కేసులో కూడా చిక్కే ఉంది, అయినా డ్యూటీ కట్టే రోజున తీసివేత చేశారు. ఇక మూడోది, మామూలు మనిషికి ఇదంతా అక్కర్లేదు, డబ్బిచ్చి స్విచ్చి వేస్తే పనిచెయ్యాలంతే అంటారు. నూటికి తొంభై మంది అలాగే ఉంటారేమో, ఒప్పుకుంటాను. మందుల బిల్లులో బ్యాచ్ నంబరు కూడా నూటికి తొంభై మంది చదవరు. అయినా రాయమనే ఉంది.

ఈ వరుస లేకపోవడం వల్ల జరిగే నష్టం కొన్న రోజు కన్నా తర్వాత బాగా తెలుస్తుంది. ల్యాప్‌టాప్‌తో వచ్చే ఓఎస్ లైసెన్సు ఆ యంత్రానికే ముడిపడి ఉంటుంది. యంత్రం మూలపడితే అదీ మూలపడుతుంది. విడిగా విండోస్ డబ్బా కొన్నవాడు పాత కంప్యూటర్లోంచి తీసి కొత్తదానిలో వేసుకోవచ్చు. ఈ రెండు హక్కులకూ చాలా తేడా ఉంది, కొనేటప్పుడు ఈ మాట చెప్పేవాడే లేడు. 2025 అక్టోబరు 14న విండోస్ 10కు సపోర్టు ఆగిపోయింది. 2018కి ముందు తయారైన చాలా కంప్యూటర్లలో ప్రాసెసర్ పాతదనో, భద్రత కోసం పెట్టే టీపీఎం చిప్పు లేదనో విండోస్ 11 ఎక్కదు. ఇంకో ఏడాది సెక్యూరిటీ అప్‌డేట్లు కావాలంటే 30 డాలర్లు, లేదా మీ సెట్టింగులు మైక్రోసాఫ్ట్ ఖాతాలో దాచుకోవడానికి ఒప్పుకుంటే ఉచితం అన్నారు. చూశారా, ఇక్కడ మళ్లీ ధర ప్రత్యక్షమైంది! కొన్న రోజున లేని అంకె, ఆగిపోయిన రోజున వచ్చింది. మొదటి రోజున ‘ఓఎస్ ఇంత, ఫలానా ఏడాది దాకా’ అని రాసి ఉంటే, డాస్ మోడల్ కొని ఉబుంటు అనే ఉచిత లినక్స్ ఓఎస్ వేసుకోవాలా, ఇదే కొనాలా అని మనవరాలే లెక్క వేసుకునేది. కేరళ ప్రభుత్వ బడుల్లో పిల్లలు లినక్స్ మీదే నేర్చుకుంటున్నారు, వాళ్లేం వెనకబడిపోలేదు.

నేను అడుగుతున్నది పెద్ద సంస్కరణేమీ కాదు. విండోస్ వద్దనడం లేదు, కలిపి అమ్మొద్దనీ అనడం లేదు. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఆ 2011 నిబంధనల్లో ఒక వాక్యం చేర్చాలి: కంప్యూటర్‌తో డబ్బు తీసుకుని ఇచ్చే సాఫ్ట్‌వేర్ పెట్టె మీది జాబితాలోకి రావాలి, పేరు, లైసెన్సు రకం, సపోర్టు ఎప్పటిదాకా అన్నవి ఉండాలి. బిల్లులో దానికి ఒక వరుస, ఆ వరుసలో ఒక అంకె. యాపిల్ సున్నా అని రాస్తే రాయనివ్వండి. సున్నా కూడా అంకే, దానికింద కంపెనీ సంతకం ఉంటుంది. దానితో పాటు, స్విచ్చి వేసిన రోజున షరతులు ఒప్పుకోనివాడికి ఆ వరుసలోని డబ్బు మాత్రం వెనక్కివ్వాలి, మొత్తం ల్యాప్‌టాప్ తిరిగివ్వమనకుండా. ఇది సాఫ్ట్‌వేర్‌లో జరిగే పనే, లైసెన్సు రద్దుచేయడం వాళ్లకు క్షణం పని.

ఇదే విషయం మీద ఢిల్లీకి రిజిస్టర్డ్ పోస్టులో ఒక అర్జీ పంపాను, తీర్పుల వివరాలన్నీ జతచేసి. మా జిల్లా తూనికలు, కొలతల శాఖ ఆఫీసులో కూడా ఒక కాపీ ఇచ్చాను. అక్కడి అధికారి లేబుల్ ఫొటో చూసి, ‘వైరు రాశారు, విండోస్ రాయలేదు, నిజమే సార్’ అని, నిబంధనలో వస్తువు అన్నారు కదా, సాఫ్ట్‌వేర్ వస్తువవుతుందా అని సందేహం వెలిబుచ్చారు. టీసీఎస్ తీర్పు కాపీ ఆయన బల్ల మీద పెట్టి వచ్చాను. మీ పాఠకుల్లో ఈ మధ్య ల్యాప్‌టాప్ కొన్నవాళ్లుంటే, బిల్లులో ఓఎస్ ధర విడిగా చూపించమని షాపులో ఒక్కసారి అడిగి, ఏం జవాబు వచ్చిందో మీకు రాయమని మనవి. షాపు కుర్రాడితో గొడవ పెట్టుకోవద్దు, అతని చేతిలో ఏమీ లేదు.

ఉత్తరం పొడవైందని తెలుసు. పత్రికలో చోటు చాలకపోతే అమెరికా సంగతులు కత్తిరించండి. ఏసర్ కేసు మాత్రం ఉంచండి.

ఇట్లు,
వాణిజ్య పన్నుల శాఖ విశ్రాంత అధికారి,
కాకినాడ.